చిన్నాయన తోలిన పిచ్చుకలు

"హోయ్... హా! హా!" అని చిన్నాయన పెట్టిన కేకకు జొన్న కంకుల మీద వాలిన పిచ్చుకలన్నీ ఒక్కసారిగా లేచాయి. కేక ఒక్కటే అయితే కొన్నయినా నిలిచేవేమో. ఆయన చప్పట్లు కూడా కొట్టి, భుజం మీది తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు. సరిగ్గా అప్పుడే నీళ్ల పళ్లెంతో వల తలుపు తీసిన పనిమనిషి తల మీదుగా ఆ గుంపంతా బయటపడి, పక్కనున్న నల్లమల అడవిలోకి వెళ్లిపోయింది. (అడవి అంటే నిజం అడవి కాదు. కప్పు దాకా లేపిన సిమెంటు చెట్లు, మోటారుతో పారే సెలయేరు.) నాకు వివరాలు చెబుతున్న మ్యూజియం మేనేజరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆళ్లగడ్డలో పత్రికకు కంట్రిబ్యూటరుగా ఉంటూ మార్కెట్ ధరలు, బస్సు ప్రమాదాలు, నాయకుల పరామర్శలు రాసి రాసి విసిగిపోయాను. నంద్యాల ఆఫీసులో రిపోర్టరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందని తెలిసినప్పటి నుంచి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. అక్కడి డెస్కు పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "ఊళ్లో కొత్తగా ప్రకృతి మ్యూజియం పెట్టినారు. గోడల మధ్యనే అడవి, చెరువు, చేను అన్నీ చేసి, బతికిన జీవాల్నే పెట్టినారంట. సాయంత్రానికల్లా ఆదివారం పేజీకి రాసియ్యి. బాగుంటే నీ సంగతి మాట్లాడతా." బాగోకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు బండి లేదు. చిన్నాయనకు ఉంది. "నంద్యాలలో నాకూ పనుంది, కాలిపోయిన బోరు మోటారు చుట్టించాల" అని ఆయన వెనక ఎక్కాడు. శిరివెళ్ల దాటేదాకా నేను మనసులో మొదటి వాక్యం కట్టుకుంటూ ఉంటే, ఆయన రోడ్డుకు రెండు వైపులా చేలు చూసి, ఎవరు ఎరువు తక్కువ వేశారో చెబుతూ వచ్చాడు. మోటారు షాపువాడు మధ్యాహ్నం రమ్మన్నాడు. ఇక ఆయన్ను ఎక్కడ వదలాలి? మ్యూజియంకే తీసుకుపోయాను.

తాబేళ్లను చూసి పెదవి విరిచాడు. అద్దం వెనక ఉడుమును కాసేపు మర్యాదగా చూశాడు. నేను మాత్రం గడియారం చూసుకుంటూ, మేనేజరు వెంట దాదాపు పరుగెత్తుతూ రాసుకుంటున్నాను. చివరికి 'నల్లరేగడి చేను' అన్న గదికి వచ్చాం. చుట్టూ వల, లోపల నిజం మట్టి, నిజం జొన్న, పాలు పోసుకున్న కంకులు. వాటి మీద దర్జాగా పిచ్చుకలు.

"రేయ్ అబ్బీ, తింటాండాయి గదరా!" అన్నాడు చిన్నాయన.

"తినేకే పెట్టినారు చిన్నాయనా."

"జొన్నేసేది పిచ్చుకలకా? యాడన్నా ఉందా?"

మంచె మీద నిలబడి వడిసెల తిప్పడం ఆయన పదేళ్ల వయసులో నేర్చిన పని. కంకి మీద పిట్ట కనబడితే ఆయన గొంతు ఆయన్ను అడగదు. ఆ తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. "ఏంటండీ ఇది! ఎవరండీ ఈయన్ని తీసుకొచ్చింది?" అని, వెంటనే గొంతు తగ్గించి, "పెద్దాయనా, మీకు పిట్టల సంగతి తెలుసు కదా. ఎలాగోలా వెనక్కి పిలవండి" అని బతిమాలాడు.

చిన్నాయన తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. "తోలేది నేర్పినాడు మా నాయన. పిలిచేది ఎవురూ నేర్పలేదు సామీ. ఎవురన్నా పిట్టల్ని చేన్లోకి పిలుస్తారాప్పా?"

ఇంటర్వ్యూ అక్కడితో ఆగింది. మమ్మల్ని గేటు దాకా సాగనంపారు, మర్యాదగానే. బండి ఆఫీసు వైపు తిప్పాను. ఆయనే అన్నాడు, "నీ పని చెడగొట్టినానా?" నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆఫీసులో కూర్చుని కేక సంగతి తీసేసి, జీవవైవిధ్యం, పర్యావరణ స్పృహ అంటూ పెద్ద పెద్ద మాటలు పేర్చి ఇచ్చాను. డెస్కు పెద్దాయన చదివి కాగితం పక్కన పెట్టాడు. "ఇది వాళ్ల కరపత్రంలో ఉంటాది. నువ్వు పోయి చూసిందేందిరా?" చెప్పాను. ఆయన కుర్చీ కదిలేలా నవ్వి, "అదే రాయి, తొందరగా!" అన్నాడు. రాశాను, కొట్టివేతలు లేకుండా, ఒక్క ఊపులో. ఆదివారం అచ్చయింది. తర్వాతి నెల నంద్యాలకు మారాను. చిన్నాయన ఆ పేపరును ఊరంతా తిప్పి, "నా కేకతో వచ్చిన ఉద్యోగం" అని చెప్పుకున్నాడు. కాదనడానికి నాకు ఆధారాలు లేవు.

అచ్చయిన మరునాడే పెద్దాయన అడిగాడు, "పిట్టలు దొరికినాయా? పాఠకులు అడుగుతారు." మ్యూజియంకు పోతే గేటువాడు నన్ను గుర్తుపట్టి లోపలికి రానివ్వలేదు. ఇంకో రెండుసార్లు పోయాను, అదే మర్యాద. కొన్నేళ్లకు మ్యూజియం మూతపడి, ఆ చోట కల్యాణ మండపం వచ్చింది. మొన్న అక్కడికి భోజనానికి పోయినప్పుడు, అంత తొందరపడి పరుగెత్తిన నా కుర్రతనం గుర్తొచ్చి, విస్తరి ముందు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మేనేజరు ఎక్కడున్నాడో తెలిసినవాళ్లు లేరు. ఆ పిచ్చుకలు సిమెంటు అడవిలోంచి జొన్న చేనికి తిరిగి వచ్చాయో లేదో నేను ఇప్పటికీ రాయలేదు.