సమాధిరాతికి పనికిరాని ముఖం

స్వెతోలిక్ తాత సినిమాల్లో ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే గుర్తులేదు. ఎప్పుడూ జర్మన్ అధికారి వేషమే, ఎప్పుడూ ఆట ముగిసేలోపు తూటా దెబ్బే. ఇంట్లో మాత్రం కోడిని కోయాలంటే స్తమేన నాయనమ్మను కేకేసేవాడు. భోంచేస్తూ కూడా వెలుతురు తన ముఖం మీద సరిగ్గా పడుతోందో లేదో చూసుకునే మనిషి. బెల్‌గ్రేడ్‌లో జనం ఎగబడి సంతకాలు అడిగేవారు. సొంత ఊళ్ళో ముసలమ్మలు ఆయన ఎదురైతే దారి తప్పుకునేవారు. "అదీ నటనంటే!" అని తాత మురిసిపోయేవాడు.

నాయనమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి రాయి నిలబెట్టాలి. ఊరి ఆనవాయితీ ప్రకారం ఒకే నల్లరాతి మీద పోయినవాళ్ళదీ, బతికున్న జోడీదీ ఇద్దరి బొమ్మలూ చెక్కించాలి. రాళ్ళు చెక్కే గ్వోజ్దెన్ ఫోటో అడిగితే తాత పెట్టె బోర్లించాడు. అన్నీ వేషాలే. గ్వోజ్దెన్ ఒక్కొక్కటే తిరగేశాడు.

"ఏం తాతా, మామూలు చొక్కాలో ఒక్క ఫోటో కూడా దిగలేదా?"

"మామూలు చొక్కాకు ఫోటో ఎవడు తీస్తాడ్రా!"

"సర్లే, టోపీ, బిళ్ళలు ఎగరగొట్టి కోటు తొడుగుతా. ముఖం మాత్రం అలాగే ఉంచుతా. ఆ చూపుందే, అబ్బో!"

ఆ చూపే తాతకు జీవితమంతా తిండి పెట్టింది. గడ్డం ఎత్తి, ఒక కన్ను చిన్నది చేసి, ఎదుటివాడి ముఖం వదిలేసి చొక్కా గుండీ వంక చూసే చూపు. ఏ దర్శకుడూ నేర్పింది కాదు.

సంవత్సరీకం నాడు బంధువులు ఉడికించిన గోధుమలు, రాకియా సారా సీసా పట్టుకుని సమాధి దగ్గర చేరారు. నాయనమ్మ అక్క కోసర కొవ్వొత్తి వెలిగించి, చెల్లెలి బొమ్మను ముద్దు పెట్టుకుంది. పక్క బొమ్మ వైపు తిరిగి ఆగిపోయింది.

"ఇదెవరి ముఖం, మరిదీ?"

"నాదే వదినా. వయసులో ఉన్నప్పటిది. బాలేదా?"

"నీది కాదు. యుద్ధంలో మా నాన్నను బడి గోడకు నిలబెట్టి కాల్చిన జర్మన్‌వాడిది. వాడూ ఇలాగే గుండీనే చూశాడు. ముసల్దాన్ని, కళ్ళు పోయాయనుకున్నావా?"

ఆ రోజు తాత కూడా ఆ గోడకు ఎదురుగా, బండి కింద దాక్కుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళవాడు. ఏళ్ళు గడిచాక ఒక దర్శకుడు "నన్ను భయపెట్టు చూద్దాం" అన్నప్పుడు ఆ జర్మన్ ముఖమే వచ్చి తాత ముఖం మీద కూర్చుంది.

"స్తమేనకు తెలుసా?"

"మొదటి సినిమా చూసొచ్చి వాంతి చేసుకుంది వదినా. మళ్ళీ హాలు గడప తొక్కలేదు. ఎందుకని నేనూ అడగలేదు."

"అది బతికినన్నాళ్ళూ చూడనన్న ముఖాన్ని, చచ్చాక దాని పక్కలో పెట్టావు."

మర్నాడు తాత గ్వోజ్దెన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. "గీకెయ్."

"గుంట పడుతుంది తాతా. ఆ చోట ఇంకే బొమ్మా పట్టదు."

"పట్టకపోతే పీడాపోయె."

యంత్రం గీరుతున్నంతసేపూ రాతిపొడి పక్కనున్న నాయనమ్మ ముఖం మీద పడుతూనే ఉంది. తాత జేబురుమాలుతో తుడుస్తూ నిలబడ్డాడు.