వంటింట్లో చెప్పులు

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యాలంటే ఏడుపొచ్చేది. కుడి మడమలో మేకు దిగినట్టుండేది. మునివేళ్ల మీద, గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచేదాన్ని. సున్నం గోడ మీద నా చెయ్యి ఆనే చోట అప్పటికే ఓ నల్లటి మరక ఉండేది. మా ఆయన గ్రీజు చేతుల పనే అనుకుని విసుక్కునేదాన్ని.

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. ఆయన టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. క్వార్టర్లో ఆయనా, నేనూ, మా అత్తగారూ. నేను తెలుగు బడిలో టీచర్ని, ఇంకా పర్మనెంటు కాలేదు. కూర్చుని పాఠం చెబుతుంటే హెడ్మాస్టరుగారు రెండుసార్లు కిటికీలోంచి చూసి ఊరుకున్నారు. మూడోసారి పిలిచి, వేసవి సెలవుల తర్వాత కూడా నిలబడలేకపోతే వేరే వాళ్లని చూసుకుంటామన్నారు. "ఛోడో, నౌకరీ మానీ" అని మా ఆయన తేల్చేశాడు. ఆ ఉద్యోగం పోతే నాకు మిగిలేది వంటిల్లొక్కటే. నా భయమంతా అదే.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసేది ఓ బెంగాలీ ఆవిడ. కరిగిన మైనం మడమకి పూసి గుడ్డ చుట్టేది. ఆ వెచ్చదనం ఉన్నంతసేపూ ప్రాణం లేచొచ్చేది. తర్వాత గోడకి చేతులానించి పిక్కలు సాగదీయించేది. ఇంట్లో పాదం కింద సీసా దొర్లించమనేది. మూడు వారాలు అన్నీ చేశాను. కాస్తయినా తగ్గలేదు. రిక్షాలో తిరిగొస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన రోజులున్నాయి.

చెప్పులు వేసుకుంటున్నావా అని ఆవిడ మొదటి రోజే అడిగింది. ఎప్పుడూ వేసుకుంటానన్నాను. అబద్ధం కాదు. గడప దాటితే వట్టికాళ్లతో ఎప్పుడు నడిచాను గనక? ఇంట్లో సంగతి కూడా అడుగుతోందని నా బుర్రకి తట్టలేదు. నాలుగో వారం నా పాదం తిప్పి, మడమకంటిన బొగ్గు మసి చూసి, ఇదెక్కడిదంది. వంటింటిదని చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. పూటపూటా సిమెంటు గచ్చు మీద వట్టికాళ్లతో నిలబడుతుంటే ఎంత మైనం పూసినా దండగేనని హిందీలో చీవాట్లు పెట్టింది.

మర్నాడే మెత్తటి రబ్బరు చెప్పులు కొని, కడిగి, వంటింట్లో తొడుక్కున్నాను. అత్తగారు పొయ్యి వైపు చూసింది, నా కాళ్ల వైపు చూసింది.

"సెప్పులేసుకుని వండిన కూడు నాను తిన్ను" అంది. గొంతు కూడా పెంచలేదు.

రెండు రోజులు అటుకులు నానబెట్టుకుని తింది. మా ఆయన పేపరు వెనక దాక్కున్నాడు. మూడో రోజు నేనే విప్పేశాను. సెలవులు ఇక పదిహేను రోజులే ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

అత్తగారు రోజూ నాకంటే ముందే లేచేది. మర్నాడు నిద్రపట్టక నేనూ లేచి కూర్చున్నాను. తలుపు సందులోంచి కనిపించింది. మునివేళ్ల మీద, గోడ పట్టుకుని వంటింటికి వెళ్తోంది. చెయ్యి సరిగ్గా ఆ మరక మీదే ఆనింది.

"అత్తమ్మా, నీకూ మడమేనేటి?" అన్నాను.

"ముప్పై ఏళ్లనుండి. ఎవులికైనా సెప్పానేటి?"

జాలి రావాల్సింది. ముందు కోపమే వచ్చింది. ఆ నొప్పి ఎలా ఉంటుందో తెలిసి కూడా నన్ను పడమంది కదా అని. ఆ కోపంతోనే చెప్పులు తొడుక్కున్నాను, మళ్లీ విప్పలేదు. ఆ రోజు నుంచి ఆవిడ వేరే కుంపటి మీద తన అన్నం తనే వండుకుంది. ఇద్దరం ఒకే గచ్చు మీద, నేను చెప్పులతో, ఆవిడ వట్టికాళ్లతో.

బడి తెరిచేసరికి పీరియడంతా నిలబడగలిగాను. ఉద్యోగం నిలిచింది. ఆవిడకీ ఓ జత కొని కుంపటి పక్కన పెట్టాను. తుడిచి, పాత పేపర్లో చుట్టి, అటక మీద పెట్టేసింది.

క్వార్టర్లకి ఏటా సున్నం వేసేవారు. నెల తిరిగేసరికి ఆ మరక మళ్లీ కనిపించేది. ఆవిడ చనిపోయిన ఏడాది మాత్రం కనిపించలేదు. ఆ తెల్లటి గోడ చూసి ఏడ్చాను.