గంట మోగినా ఆగని డోళ్ళు

మా మనవరాలి బడిలో ఈ ఏడు జానపద వాద్యాల పోటీ అట. హోసూరులో వాళ్ళుండే అపార్టుమెంటు కింద, కార్లు నిలిపే చోట, ఎనిమిదిమంది ఆడపిల్లలు నడుములకు డోళ్ళు కట్టుకుని సాధన చేస్తుంటే, తాతనన్న హోదాలో నన్నూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ డోళ్ళకు తోలు లేదు, ప్లాస్టిక్కు పొర. వానకు నానేదీ లేదు, నిప్పుల సెగ చూపించేదీ లేదు. ఫోనులో పెట్టుకున్న టైమరు కూయగానే అందరి చేతులూ టక్కున ఆగిపోయాయి. పిల్లలు ఒకరినొకరు చూసుకుని కిలకిలా నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. బాగలేదా తాతా అని మనవరాలు అడిగితే, బాగుందమ్మా, ఎండకు తట్టుకోలేకపోతున్నానని అబద్ధమాడి లేచి వచ్చేశాను. నా ఈడువాళ్ళు మీరెవరైనా బడిరోజుల్లో పోటీలకు వెళ్ళి ఉంటే, ఆ చెమట సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

మాది వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే కుటుంబం, కాస్త మెట్టచేను, అంతే. డోలు మాకు బీరప్ప గుడి సొత్తు. పండగ పూట గుడిలో హారతి గంట మోగిందంటే డోలు ఆగకూడదు సరికదా, రెట్టింపు వేగం అందుకోవాలి. హారతి పళ్ళెం కిందికి దిగేదాకా కొడుతూనే ఉండాలి. ఆ వేగం ఎత్తి చూపేది కంచు తాళాలవాడు. తాళం లేచిందంటే ఏ డోలూ దాన్ని ఒంటరిగా వదిలేయరాదు, వదిలితే దేవుడికి అపచారం. ఈ కట్టుబాటు మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నడక వచ్చిన నాటినుంచీ వింటూ పెరిగాము కనుక మా చేతులకే తెలుసు.

మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, నాకంటే ఒక ఏడు పెద్ద. లెక్కల్లో మాస్టర్లనే తికమకపెట్టే బుర్ర అతనిది. బడిలో ఎనిమిదిమందిమి కలిసి డోలు జట్టు కట్టినప్పుడు అతడే మాకు పెద్ద, నేను తాళాలవాణ్ణి. పదో తరగతి పరీక్షలు కాగానే అతణ్ణి హోసూరు పక్కనున్న మూకండపల్లి ఫ్యాక్టరీ పనిలో పెట్టాలని మా మామ, అంటే బావ తండ్రి, తీర్మానించుకుని ఉన్నాడు. ఆ పరీక్షలు అయిన వారమే కృష్ణగిరిలో బడిపిల్లల వాద్య బృందాల పోటీ వచ్చిపడింది. మొదటి బహుమతి వచ్చిన జట్టు పెద్దను పన్నెండో తరగతి దాకా కృష్ణగిరి హాస్టల్లో ఉంచి ఉచితంగా చదివిస్తానని, పోటీ పెట్టిన పెద్దమనిషి మాట ఇచ్చాడు. మా డ్రిల్లు మాస్టరు ఈ సంగతి మామకు ఇంటికి వచ్చి చెప్పాడు. మామ గడ్డం గీరుకుని ఒక్క మాట అన్నాడు.

"గెలిస్తే సదువుకోనీ సారూ. గెలవకుంటే సోమారం పొద్దున్నే నా ఎనక రావల్ల. ఆడ పని ఖాళీ ఉండాది, మల్ల దొరకదు."

ఆ రోజు నుంచి బావకు నిద్ర లేదు, మమ్మల్ని నిద్రపోనివ్వనూ లేదు. పోటీకి ఎనిమిది నిమిషాల గడువు. నిర్వాహకులు ఆపమనగానే ఆపాలి. ఆపైన దెబ్బ పడిందా, జట్టును లెక్కలోకే తీసుకోరు. డ్రిల్లు మాస్టరు మైదానంలో గడియారం పట్టుకుని నిలబడి, గడువు కాగానే రెండు చప్పట్లు చరిచేవాడు. మొదట్లో ఒకడు ఆగితే ఇంకొకడు ఆగేవాడు కాదు. పది రోజులు తిట్లు తిన్నాక, ఆ చప్పట్లకు అందరమూ ఒక్క మనిషిలా ఆగడం అలవాటైంది. గంటతో ఒక్కనాడూ సాధన చేయలేదు. కృష్ణగిరిలో ఆపమని ఎట్లా చెబుతారో అడగాలన్న బుద్ధి మాలో ఒక్కరికైనా పుట్టిందా అంటే, లేదు.

పోటీ రోజున కృష్ణగిరి బస్టాండులో దిగామో లేదో వాన మొదలైంది. మామిడికాయలు పెరిగే వేళ పడే వాన, ఊరికి మంచిదే కానీ మా ప్రాణం మీదికి వచ్చింది. డోలు తోలు తడిసి మెత్తబడి, కొడితే తడిగోనె మీద కొట్టినట్టు మోగింది. బావ ముఖం చూస్తే నాకు ఏడుపు వచ్చింది. అతడు మాత్రం ఏడవలేదు, రోడ్డు పక్క టిఫిను అంగడిలోకి దూరిపోయి, దోసెల పొయ్యి ముందున్న ముసలమ్మను అరవంలో బతిమాలి, ఒక్కొక్క డోలునూ సెగకు పట్టి తిప్పాడు. దగ్గరగా పెడితే తోలు పగులుతుంది, దూరమైతే బిగవదు. మా వంతు పిలిచే వేళ దాటిపోతుందేమోనని నేను గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి, లోపలికేసి చూస్తూ గోళ్ళన్నీ కొరికేశాను. ఆఖరి డోలు సెగ నుంచి తీసి వేలితో మీటి, అది ఖణేలుమన్నాక బావ నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

మా పల్లె మొత్తం గర్వపడేటట్టు కొట్టామని ఇప్పటికీ అంటాను. మాకు ముందు వచ్చిన పట్నం బడివాళ్ళ ఇత్తడి బాకాలు, మెరిసే టోపీలు చూసి జంకిన మేము, నాలుగు దెబ్బలు పడ్డాక అవన్నీ మరిచిపోయాము. జనం ముందుకు వంగి వింటున్నారు. బావ ఒకసారి నాకేసి చూసి, కళ్ళతోనే, బాగుందిరా అన్నాడు. సరిగ్గా అప్పుడే, న్యాయనిర్ణేతల బల్ల మీద నుంచి ఒకాయన ఇత్తడి చేతిగంట తీసి గణగణ మోగించాడు.

బావ కర్ర గాలిలో ఆగింది. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. అతనికి గుర్తుంది, అతడు ఆగాడు. ఆగనిది నా చేతులు. గంట వినబడగానే నా తాళాలు నెత్తి మీదికి లేచి రెట్టింపు వేగం అందుకున్నాయి. తాళం లేచాక ఆరు డోళ్ళూ దాని వెంట పడ్డాయి. బావ నన్ను ఒక్క క్షణం చూశాడు. అయ్యో, ఆ చూపు! తరువాత కర్ర దించి అందరికంటే గట్టిగా తానూ కొట్టాడు. గంట ఇంకా మోగుతూనే ఉంది, మోగినకొద్దీ మేము ఇంకా రేగిపోయాము. జనం లేచి నిలబడి చప్పట్లు చరిచారు. ఆ చప్పట్లకు, ఆశ్చర్యం, అందరమూ టక్కున ఆగాము.

ఫలితాల్లో మా బడి పేరే చదవలేదు. వెనక్కి వచ్చే బస్సులో డ్రిల్లు మాస్టరు ఎర్రబడ్డ కళ్ళతో, ముందు ఎత్తింది ఎవడని అడిగాడు. నేను ఒళ్ళోని తాళాలను తువ్వాలులో చుట్టుకుంటూ తల వంచుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్న బావ తల తిప్పకుండానే బదులు చెప్పాడు.

"నేనే సార్. చెయ్యి నిలవలే."

సోమవారం పొద్దున, మా మామ వెనక నడుస్తూ అతడు మా ఇంటి ముందు నుంచే బస్సుకు పోయాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. మరుసటి ఏడు జట్టుకు పెద్దను నేనే. మాస్టరు ఎక్కడినుంచో ఒక గంట తెచ్చి మాతో సాధన చేయించాడు. మేము ఆగాము, గెలిచాము. ఆ ఏటి హాస్టలు చోటు నాకు వచ్చింది. ఆ చోటులో చదివి, ఉద్యోగం చేసి, ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాను. నా అంతటి పిరికిపంద మా వంశంలో ఇంకొకడు పుట్టలేదు.

బావ మా చెల్లెలినే పెళ్ళి చేసుకుని మూకండపల్లిలోనే స్థిరపడ్డాడు. ముప్పై ఏళ్ళు రేకులు అచ్చుగుద్దే యంత్రం పక్కన నిలబడ్డాడు. మనవరాలి సాధన చూసి వచ్చిన ఆ సాయంత్రమే, ఇక దాచలేక, వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు నిండా కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. బావ పక్కన మంచం మీద కూర్చుని, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఆ పొద్దు కృష్ణగిరిలో ముందు ఎత్తింది నేనే బావా, నీ సదువు పోగొట్టింది నేనే అని, నలభై అయిదేళ్ళుగా నమిలిన మాట మెల్లగా కక్కేశాను.

బావ చెయ్యి చెవి వెనక పెట్టుకుని నాకేసి వంగాడు.

"ఏమంటివప్పా? ఆ మిషన్లు చెవులు తినేసినాయి. గెట్టిగా చెప్పు."

అందరూ మాకేసి చూశారు. మా చెల్లెలు కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నేను చేతిలోని గ్లాసు పైకెత్తి చూపించాను.

"కాఫీ బాగుందంటాండా బావా!" అని అరిచాను.

ఆయన సంబరపడి ఇంకో గ్లాసు తెమ్మని మా చెల్లెలికి సైగ చేశాడు. పోటీలు మారాయి, డోళ్ళు మారాయి, ఆడపిల్లలు కొడుతున్నారు, సంతోషమే. కానీ ఆ బస్సులో, పక్క సీటులో, బావకు చీమ చిటుక్కుమన్నా వినబడేది. అప్పుడు గుసగుసగా చెప్పి ఉంటే సరిపోయేది.