వాగు మధ్యలో సుబేదార్ మేజర్

నా చిన్నప్పుడు ఓ వానాకాలంలో మా మేనమామ సెలవు మీద ఇంటికి వచ్చాడు. సైన్యంలో సిపాయిగా చేరినవాడు అప్పటికి సుబేదార్ మేజర్ అయ్యాడు. ఆఫీసర్లకు కింద, జవాన్లందరికీ పెద్ద దిక్కు. సిరిసిల్లలో చుట్టాల పెళ్లి చూసుకుని, నన్ను వెంటబెట్టుకుని కోరుట్ల బస్సెక్కాడు.

దారిలో వాగు మీది చిన్న వంతెన దాటుతుండగా బస్సు ఆగిపోయింది. డ్రైవర్ ఎంత తిప్పలు పడ్డా ఇంజన్ మళ్లీ స్టార్టు కాలేదు. చూస్తుండగానే ముందూ వెనకా రోడ్డు మునిగిపోయింది. ఎర్రనీళ్లు బస్సు మెట్టును తాకాయి. కిటికీలు మూస్తే ఊపిరాడదు, తెరిస్తే ఆ హోరు వినలేం. నేను మామ చొక్కా పట్టుకుని వదల్లేదు.

ఒక యువకుడు లేచి తలుపు దగ్గరకు వెళ్లాడు. కోరుట్ల దవాఖానలో అతని భార్య నొప్పులు పడుతోందట. ఈదుకుంటూ పోతానన్నాడు. మరికొందరు అతని వెనక చేరారు. మామ నా చేయి విడిపించుకుని పోయి, తడిసిన మెట్టు మీదే అడ్డంగా కూర్చున్నాడు.

"జరుగు సార్, నన్ను పోనియ్యి," అన్నాడు యువకుడు.

"పోదువు గని, ముందుగాల నా మాట ఇను," అన్నాడు మామ.

తాను కొత్త సిపాయిగా మంచుకొండల మీద ఉన్నప్పటి సంగతి చెప్పాడు. తల్లికి పానం బాగలేదని కబురు వచ్చింది. బయట మంచుతుపాను. దిగిపోతానని ఎంత కొట్లాడినా తమ దళం హవల్దార్ గుడారం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

"బాగ తిట్టిన ఆయన్ను. తొవ్వ తెరిసినంక ఇంటికచ్చిన. అవ్వ అప్పటికే పోయింది. గని ఆమె దినాలు, కర్మలు నా చేతుల మీద జరిగినయి. గా దినం దిగితే ఇద్దరికీ దినాలే."

యువకుడు అక్కడే కూలబడి ఏడ్చాడు. మామ అతని భుజం మీద చెయ్యి వేసి, తాను హవల్దార్ ఎట్లా అయిందీ, సుబేదార్ ఎట్లా అయిందీ నింపాదిగా చెబుతూ పోయాడు. బస్సంతా వింటూ కూర్చుంది. పొద్దుగూకే వేళకు నీళ్లు తగ్గాయి. ఊరివాళ్లు తాడు కట్టి అందరినీ దాటించారు. కోరుట్లలో ఆ యువకుడికి ఆడపిల్ల పుట్టిందని తర్వాత తెలిసింది.

ఒడ్డుకు చేరాక మామ కాళ్లు తిమ్మిరెక్కి చాలాసేపు నిలబడలేకపోయాడు.

"భయం కాలేదా మామా?" అని అడిగాను.

"చానా అయింది బిడ్డా. గని పెద్దోడు కూసుంటె అందరు కూసుంటరు. ఇన్నేండ్ల నౌకరీల నేను జేసింది గదే."

మొన్న జగిత్యాల ఆసుపత్రిలో మా ఆయనకు ఆపరేషన్ జరుగుతుంటే పిల్లలు బెంబేలెత్తిపోయారు. నాకూ భయంగానే ఉంది. ధైర్యం వచ్చేదాకా ఆగలేదు. వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల నాన్న పెళ్లిచూపులకు వచ్చిన రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాను.