తాతగారి కారు కోసం చీరాల

మా తాతగారి అంబాసిడర్ చీరాలలో ఇంకా తిరుగుతోందని పోయిన నెలలో తెలిసింది. మేనల్లుడు ఫోన్లో ఫోటో చూపించాడు. నంబరు పలక చూడగానే గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ల క్రితం నాన్నగారు దాన్ని అమ్మినప్పుడు వీధి చివరిదాకా వెళ్లి చూసినవాణ్ణి. ఇప్పటి యజమాని మస్తాన్‌వలి దాన్ని అమ్మకానికి పెట్టాడనీ, ఆదివారం వస్తే చూడవచ్చనీ కబురందింది. ఎలాగైనా దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు కారు నడపడం రాదు. మా ఇంటిపేరువాళ్లెవరికీ రాదు. డ్రైవర్ ఉండగా యజమాని స్టీరింగ్ పట్టుకోవడం ఆ డ్రైవర్‌ని అవమానించడమేనని తాతగారు అనేవారు. తర్వాత పొలాలు పోయాయి, పత్తి మిల్లు పోయింది, డ్రైవరూ పోయాడు. ఆ నియమం ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. అందుకని చీరాలలోనే ఒక యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటే రోజు కూలికి బండి నడిపేవాణ్ణి, మధ్యాహ్నం పన్నెండుకి గడియార స్తంభం దగ్గర ఉండమన్నాను. వెనక సీట్లో కూర్చుని గుంటూరు తిరిగి రావాలన్నది నా పథకం.

ఉదయం ఆరూ ఇరవైకి గుంటూరులో చీరాల బస్సు ఎక్కాను. పొన్నూరు, బాపట్ల మీదుగా వెళ్తుంది. పొద్దున వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి. ఎడమవైపు ఎండ నేరుగా మొహాన కొడుతుంది. ఇస్త్రీ పంచె కట్టుకున్నవాళ్లకు మాత్రం ఏ వైపూ క్షేమం కాదు. ఐదువందల నోటిస్తే కండక్టర్ దాన్ని ఏదో పురాతన వస్తువులా తిప్పి చూసి, ఫోన్ కొట్టమన్నాడు. నేను ఫోన్‌తో డబ్బివ్వను. నా జేబులో ఎంతుందో కిళ్లీకొట్టువాడికి కూడా తెలియడం నాకిష్టం లేదు. చిల్లర కోసం పొన్నూరు దాకా ఆగాను.

చేబ్రోలులో ఎక్కిన ఒక మిర్చి రైతు నా పక్కన కూర్చుని, డ్రోను మందు కొట్టే వీడియో బస్సంతా వినపడేలా పెట్టాడు. ఇకమీదట మనిషి చేలో దిగక్కర్లేదట, గట్టు మీద కూర్చుంటే చాలట. మరి మీరేం చేస్తారని అడిగాను.

"ఇంకో వీడియో చూస్తానండి," అన్నాడు.

అంబాసిడర్ కొనడానికి వెళ్తున్నానంటే నావైపు జాలిగా చూశాడు. వాళ్లబ్బాయి కారు వాన పడితే దానంతటదే అద్దం తుడుచుకుంటుందట. మా మేనల్లుడి కారైతే బెల్టు పెట్టుకోమని నన్ను గదమాయిస్తుంది. మా కారు మాకెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఎనిమిదీ నలభైకి చీరాల. బస్టాండు దగ్గర ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. నలభై రూపాయలు, వంక పెట్టడానికి లేదు. అక్కణ్ణించి ఆటోలో మస్తాన్‌వలి ఉండే పేరాల. ఆటో అతని ఫోన్లో ఆడగొంతు కుడికి తిరగమంది. "ఆవిడకేం తెలుసండి, అటు గోడ కట్టేశారు," అని అతను ఎడమకు తిప్పాడు.

మస్తాన్‌వలి మరమగ్గాల మెకానిక్. వయసు డెబ్బైకి దగ్గర. ఆదివారాలు కారు విప్పి బిగించడం ఆయనకు సరదా. తలుపు పిడి విరిగితే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెను అరగదీసి ఆ స్థానంలో బిగించాడు. లాగితే తలుపు మా కాలంలో కంటే మెత్తగా తెరుచుకుంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదని అమ్ముతున్నాడు. ధర దగ్గర పేచీ రాలేదు. ఇంకోచోట వచ్చింది.

"మీరు తోలతారా, డ్రైవరా?" అని అడిగాడు.

డ్రైవర్ వస్తున్నాడని చెప్పాను.

"అయితే ఇవ్వనండి. యాక్టింగ్ డ్రైవరంటే రోజుకొకడొస్తాడు. ఒక్కొక్కడు ఒక్కోలా గేరు లాగితే నెల తిరక్కుండా పాత ఇనప కొట్టుకి పోద్ది. తోలుకునేవాళ్లకే ఇస్తా."

తోలడం వచ్చు, కాస్త అలవాటు తప్పిందన్నాను. అయితే పదండి, చూద్దాం అన్నాడు.

వాడరేవు రోడ్డు పక్కన ప్లాట్లు వేసిన పొలం ఒకటుంది. రోడ్లున్నాయి, ఇళ్లు లేవు. అక్కడిదాకా మూలుగుతూ తనే తోలి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఆ ఒక్కటీ సరిగ్గా వచ్చింది. బండి నాలుగుసార్లు ఎగిరెగిరి ఆగిపోయింది. ప్లాటు చూడ్డానికి వచ్చిన భార్యాభర్తలు ప్లాటు మానేసి నన్ను చూశారు. మేకలు మేపుకునే ఒకావిడ అద్దం దగ్గరికే వచ్చింది.

"ఏంది పెద్దాయనా, బండి తోలుతున్నావా, గంతులేయిస్తున్నావా?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. యాక్టింగ్ డ్రైవర్ గడియార స్తంభం దగ్గరున్నాడట, ఎక్కడికి రావాలట. స్పీకర్ ఆపడం నాకు చేతకాలేదు. మస్తాన్‌వలి అంతా విన్నాడు.

"నాకు రాదండి," అన్నాను. "ఎప్పుడూ తోలలేదు."

"కూర్చోగానే వంగి పెడల్స్ లెక్కపెట్టుకున్నారు కదండీ, అప్పుడే తెలిసింది," అన్నాడు. "సరే, క్లచ్ మీంచి కాలు తియ్యండి. గబుక్కున కాదు. పోగు తెగకుండా లాగినట్టు."

ఐదోసారి బండి కదిలింది. రెండో గేరు పడింది. చివరి కరెంటు స్తంభం దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చాను. డ్రైవర్‌ని ఇక రావద్దని చెప్పేశాను.

కారు మాత్రం ఇవ్వలేదు. నాలుగు ఆదివారాలు వచ్చి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుంటే నన్నే తోలుకెళ్లమన్నాడు. అప్పటిదాకా కొనేవాడు ఎవడొచ్చినా పంపించేస్తానన్నాడు. అంటే మా కారు కోసం నేను పరీక్ష పాసవ్వాలన్నమాట. మా వంశంలో ఎవరికీ ఇంత అవమానం జరగలేదు. సరేనన్నాను. వాళ్లావిడ రొయ్యల కూరతో అన్నం పెట్టింది, రెండుసార్లు వడ్డించుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు చీరాలలో రైలెక్కాను. గుంటూరుకు తెనాలిలో మారాలి. క్లచ్ తొక్కిన ఎడమ పిక్క ఇంకా నొప్పిగానే ఉంది. ఆ కారులో చిన్నప్పుడు ఒంగోలు, కొత్తపట్నం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. గుర్తున్నది మాత్రం డ్రైవర్ మెడ, దాని మీది పుట్టుమచ్చ. ముందున్న రోడ్డును ఇవాళే చూశాను.

బాపట్ల దాటాక మా అక్కయ్య ఫోన్ చేసింది. కారు వస్తుందని పొద్దుటే షెడ్డు ఊడ్పించి కూర్చుందట. జరిగింది చెప్పాను.

"ఒరేయ్, నువ్వు తోలడం ఎవరన్నా చూశారా?" అని అడిగింది.

"చూశారు," అన్నాను. "రెండో గేరులో కూడా చూశారు."