డొల్ల చప్పుడు

నా దగ్గరికి చికిత్సకు వచ్చినాయన భార్య వద్దని చెప్పిన వాయిద్యాన్నే ఆ రోజు నేను వాయించాను. మరిచిపోయి కాదు. ఆమె మాట నాకు గుర్తుంది. గుర్తుండగానే వాయించాను.

తెలంగాణ వస్తుందా రాదా అని గోదావరిఖనిలో ప్రతి చాయ్ హోటల్లోనూ వాదించుకుంటున్న రోజులవి. ఇంగ్లండులో రెండేళ్లు సంగీత చికిత్స చదువుకుని నేను ఊరికి తిరిగొచ్చాను. చర్చి ఆవరణలో ఒక పాత స్టోరు గది ఇచ్చారు. కప్పు తక్కువ ఎత్తులో ఉండేది, చెయ్యి చాపితే దాదాపు అందేది. అందులో ఒక హార్మోనియం, నేను మోసుకొచ్చిన వాయిద్యాలు కొన్ని, రెండు చాపలు. శుక్రవారం ఆవరణలో ఉచిత మందులు ఇచ్చేవారు. మందుల కోసం వచ్చి వేపచెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు.

"ఏం మందిస్తవు సారూ, సరిగమలా?"

"పొద్దుగాల సరిగమ, మాపటికి పదనిస" అనేవాణ్ణి నేనూ.

ఊళ్లో ఒక డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "సంఘంలో సభ్యత్వం తెచ్చుకో. అప్పుడు మనుషుల్ని పంపుతా" అన్నారు. దేశంలోని సంగీత చికిత్సకులందరికీ ఒక సంఘం ఉంది. విదేశంలో చదివినవాళ్లను అది ఊరికే చేర్చుకోదు. ఇక్కడ, ఇక్కడి భాషలో, ఒకే మనిషితో ఎనిమిది వారాలు పని చేసి చూపించాలి. అందులో ఒక రోజు పనిని మొదటినుంచి చివరిదాకా కెమెరాతో తీసి పంపాలి. ఆ రోజు చికిత్సకుడూ వచ్చిన మనిషీ కలిసి వాయించాలి. గడువు తర్వాతి నెలాఖరు.

ఆ నెలలు ఇప్పుడు తలచుకుంటే గోరువెచ్చని నీళ్లలోంచి చూసినట్టు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఊరంతా తెల్లగా వెలిగేది. ఓపెన్‌కాస్ట్‌ బొగ్గు గనిలో పేలుడు జరిగితే ముందు కిటికీ అద్దం సన్నగా వణికేది, తర్వాత చప్పుడు వచ్చేది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు. బొగ్గు తీసిన ఖాళీలు కూలకుండా గోదావరి ఇసుకను నీళ్లలో కలిపి భూమిలోకి పంపిస్తారని చిన్నప్పుడు నాన్న చెప్పాడు. నేను నడిచే రోడ్డు కింద, చీకట్లో, ఒక నది ఇసుక పడుకుని ఉందనుకుంటూ నడిచేవాణ్ణి. అడుగు మెత్తగా పడేది.

ఆ ఎనిమిది వారాల పనికి నేను ఎంచుకున్న మనిషి ఒకప్పుడు అండర్‌గ్రౌండ్‌లో టింబర్‌మన్. గని కప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. కప్పు కూలిన ఒక ప్రమాదంలోంచి బయటపడ్డాడు. తర్వాత చేతులు వణకడం మొదలైంది, మాట తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. నేను ఆయన్ని కాకా అనేవాణ్ణి. ఆయన భార్యను అవ్వా అనేవాణ్ణి. ప్రతి శుక్రవారం ఆమే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

మొదటి రెండు వారాలు నేను హార్మోనియం మీద ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నాను. మూడో వారం ఆయన గొంతులోంచి, తేనెటీగ ఎక్కడో దూరంగా తిరిగినట్టు, అదే స్వరం వచ్చింది. ఐదో వారం వెళ్లిపోతూ గుమ్మంలో ఆగి భార్యతో, "చాయ్ తాగినవా?" అన్నాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నావైపు చూడకుండా గోడవైపు తిరిగింది.

ఆ రోజే ఆమె మూలనున్న నా పెద్ద డోలును చూసింది.

"గిదేంది కొడుకా?"

"డోలు అవ్వా. ఇంగ్లండుది."

ఆమె వేలితో ఒకసారి తట్టి, వెంటనే చెయ్యి తీసేసింది. "గిది ఆయన ముంగట కొట్టకు. పెండ్లి డప్పుకైతె ఏం గాదు. గిసువంటి బోలు సప్పుడింటెనే మతి తప్పుతది. మొన్న పక్కింటోల్లు ఖాళీ డ్రమ్ము దొర్లిస్తె పొద్దుగూకెదాక బయటనే కూసున్నడు."

"ఎందుకు?"

"అడిగితె చెప్తడా? చెప్పెటోడైతె నీదగ్గరికెందుకు తోలుకస్త?"

సరేనన్నాను.

ఆరో శుక్రవారం, పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకతని దగ్గర కెమెరా అడిగి తెచ్చి మూలన నిలబెట్టాను. కాక స్వరం అందుకున్నాడు. బాగానే సాగుతోంది. కానీ కలిసి వాయించాలి. హార్మోనియం మెట్లు ఆ వణికే వేళ్లకు లొంగలేదు. అరచేత్తో తట్టగలిగేది డోలు ఒక్కటేనని నాకు నేను చెప్పుకున్నాను. భయపెట్టే వస్తువును మెల్లమెల్లగా దగ్గరికి తేవాలని చదువుకున్నాను కదా అని కూడా చెప్పుకున్నాను. అసలు సంగతి, నెలాఖరు దగ్గరపడింది. అవ్వ గుమ్మం లోపలి పక్కనుంచి తల అడ్డంగా ఊపింది. నేను చూడనట్టు డోలు ముందుకు లాక్కున్నాను.

మెత్తగా మూడుసార్లు కొట్టాను. కాక తలెత్తి కప్పువైపు చూశాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అనుకుని, ఆయన ముఖం కెమెరాకు కనబడేలా కొంచెం పక్కకు జరిగాను. నాలుగోసారి కొట్టాను.

"లెవ్వు! లెవ్వుండ్రి! బయటికి!"

నా మెడ పట్టుకుని లేపి, గుమ్మం బయటికి తోశాడు. మళ్లీ లోపలికి వెళ్లి భార్యను లాక్కొచ్చాడు. ఆ లాగులాటలో పంచె ఊడిపోయింది. ఆయన చూసుకోలేదు. ఎవరూ లోపలికి వెళ్లకుండా రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వేపచెట్టు కింద ఆడవాళ్లు మొదట బిత్తరపోయారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అందరూ నవ్వారు.

"ముసలోనికి పిచ్చి ముదిరింది!"

ఆ నవ్వు విన్నాక ఆయన కిందికి చూసుకున్నాడు. అవ్వ తన చెంగు ఆయన నడుముకు చుట్టింది. నేను ఆయన్ని దాటి లోపలికి వెళ్లాను. పంచె తేవడానికి కాదు. కెమెరా ఆగిపోయిందేమోనని చూడటానికి.

తర్వాతి శుక్రవారం వాళ్లు రాలేదు. మొదటి పదినిమిషాలు బాగున్నాయి, అంతవరకే కత్తిరించి పంపవచ్చునా అని ఇంట్లో ఆ వీడియో పెట్టుకుని చూశాను. రెండోసారి చూసినప్పుడు గానీ నాకు కనబడలేదు. కాక కుడిచెయ్యి నా మెడ మీద ఉంది. ఎడమచెయ్యి నా తల మీద గొడుగులా ఉంది. కప్పు కూలితే ముందు ఆ చేతి మీద పడాలి.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మట్టి గుట్టల పక్కనున్న బస్తీలో ఒకే గది. అవ్వ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఏం కొడుకా, నీ సిన్మ మంచిగచ్చిందా?"

తల వంచుకున్నాను. "కాకతోని మాట్లాడాలె అవ్వా."

"మాట్లాడు. పలికితె నాక్కూడ చెప్పు. ఎనిమిది దినాలాయె, చాయ్ గూడ అడుగుతలేడు."

ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కింద కూర్చున్నాను.

"కాకా, డోలు కొట్టొద్దని అవ్వ ముందే చెప్పింది. విన్న. విని గూడ కొట్టిన. నీకేం పిచ్చి లేదు. తప్పు నాది."

షిఫ్టు సైరన్ మోగి, సన్నబడి, సాయంత్రపు ఎండలో కలిసిపోయింది. అప్పుడు ఆయన గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"గడ్డపారతోని పైన కొట్టి సూస్తం. మంచిగుంటె ఖంగుమంటది. బండ ఇడిసిందైతె డొల్ల సప్పుడొస్తది. డొల్ల మోగినంక ఆడ నిలవడొద్దు. ఉన్నోల్లందర్ని ఎల్లగొట్టాలె. గది నా డ్యూటీ."

గోడను వేలితో ఒకసారి తట్టాడు.

"ఆ దినం గూడ ఇన్న. ఇని గూడ, ఇంకొక్క దిమ్మె నిలవెడ్తె అయిపాయె అనుకున్న. నా జోడిదారు కాలు పోయింది."

విని కూడా. ఆ మాట అంతకుముందే ఆ గదిలో వినబడింది, నా నోటినుంచి. నేను ఆయన కాళ్ల దగ్గర మంచం పట్టెను పట్టుకున్నాను.

గుమ్మంలో చేట ఆగిపోయింది. "ఇన్నేండ్లల్ల నాకొక్కనాడు చెప్పకపోతివి" అంది అవ్వ.

"నీకు చెప్తె ఊరంతటికి చెప్పినట్టె" అన్నాడాయన, ఇంకా గోడవైపే చూస్తూ.

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. తర్వాత నాకేసి తిరిగింది. "నువ్వు మంచిగనే చెప్పినవు కొడుకా. గాని నాలుగు గోడల నడుమ చెప్తె ఏం ఫాయిద? ఇజ్జత్ పోయింది నలుగురి ముంగట. మా ఊర్లె అయితె తప్పు చేసినోడు నలుగుట్లనె నిలవడి ఒప్పుకోవాలె."

కెమెరా నా సంచిలోనే ఉంది. ఆయనకు చూపించి, ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాను. చిన్న తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశాడు.

"గింత బక్కగయిననా నేను?" అన్నాడు. ఇంకాసేపటికి, "చెరిపెయ్యి" అన్నాడు.

ఆయన చూస్తుండగానే చెరిపేశాను.

మరుసటి శుక్రవారం మందుల వేళకు వాళ్లిద్దరూ వచ్చి ఆవరణ గేటు దగ్గర నిలబడ్డారు. నేను వేపచెట్టు కిందికి వెళ్లాను. సంఘానికి ఇంగ్లీషులో ఎన్నో పేజీలు రాసినవాణ్ణి, నాలుగు మాటలు కూర్చుకోవడానికి తంటాలు పడ్డాను.

"మొన్న మీరందరు నవ్విండ్రు. ఆయన కప్పు కూలుతుందనుకున్నడు. కూలుతుందనుకుని గూడ నన్ను ఇడిసిపెట్టి ఉరకలె, నన్ను బయటికి తోసినంక అవ్వ కోసం మళ్ల లోపలికి పోయిండు. ఆ సప్పుడు చెయ్యొద్దని నాకు ముందే చెప్పిండ్రు. నా సర్టిఫికెట్ కోసం నేనే చేసిన. తప్పు నాది."

మోకాళ్ల మందు కోసం వచ్చే ఒక ముసలామె అంది: "అంటె పిచ్చోడు నువ్వన్నట్టు."

"అవునవ్వా."

"గట్లనా" అని ఆమె కొంచెం జరిగి, గేటువైపు చూసి కేకేసింది. "రా అన్నా, నీడకు కూసో. నా మనుమలు గూడ బొగ్గు బాయిలనె ఉన్నరు. గీ సప్పుడు సంగతేందో జర చెప్పు."

ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏమీ చెప్పలేదు. కానీ కూర్చున్నాడు.

ఆ ఆదివారం సంఘానికి ఉత్తరం రాశాను. వీడియో ఎందుకు లేదో, నేనేం చేశానో, విని కూడా ఎందుకు చేశానో అంతా రాశాను. ఈసారి నా దరఖాస్తును పక్కన పెట్టమనీ, నా పనిని పక్కన కూర్చుని చూసే ఒక పెద్దవారిని చూపిస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాననీ రాశాను. అందులో ఉన్నది ఆయన సంగతి కూడా కాబట్టి, పంపేముందు వాళ్లింటికి తీసుకెళ్లి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

"చెయ్యి పట్టుకున్న అని రాసినవా?"

"అవును కాకా."

"చెయ్యెక్కడ పట్టుకున్న? మెడ పట్టిన. రాసేది సక్కగ రాయి."

ఆ మాట కొట్టేసి, మెడ అని రాసి, చివరిదాకా మళ్లీ ఒకసారి చదివి వినిపించాను. తలూపాడు. అక్కడినుంచి నేరుగా వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను.