చేతులతో పెట్టిన పేరు

విడాకులయ్యాక ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. పద్నాలుగేళ్ల నా కూతురు వాళ్లమ్మ దగ్గర ఉంటూ ఆదివారాలు వచ్చేది. మిగతా రోజుల్లో పొద్దున్నే ఎందుకు లేస్తున్నానో నాకే తెలిసేది కాదు. మాల వేసుకున్నాను. ఫోన్లో ప్రవచనాలు విన్నాను. యోగా క్లాసుకు వారం పోయి మానేశాను.

పక్క గదిలో ఒక జంట దిగింది. ఇద్దరూ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనివాళ్లు. "ఇద్దరికీ చెవులు వినరావు, మాటలు రావు. జెర సూసుకుంటుండు," అంది ఇంటి ఓనరమ్మ. పాపం అనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం వాళ్లు వాకిట్లో పోట్లాడుకున్నారు. నేనూ నా బిడ్డా గడపలో కూర్చుని ఇడ్లీలు తింటున్నాం. చేతులు అంత వేగంగా తిరగడం నేనెన్నడూ చూడలేదు. కనుబొమలు, భుజాలు, బుగ్గలు కూడా మాట్లాడుతున్నాయి. ఆమె కోపంగా అటు తిరిగింది. అతను చుట్టూ నడిచి ఎదుటికి వచ్చాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఇక చెప్పే దారి లేదు. చేతులు దించి, ఆమె కళ్లు తెరిచేదాకా అలాగే నిలబడ్డాడు. తెరిచాక వేళ్లతో ఏదో అన్నాడు. ఆమె పకపకా నవ్వింది.

పదిహేనేళ్ల కాపురంలో నేను మాట్లాడిందంతా టీవీ ముందు కూర్చునో, చెప్పులు వేసుకుంటూనో. నా భార్య నావైపు చూసేదాకా ఆగి చెప్పిన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఏమన్నడు డాడీ?"

"నాకేం ఎర్క బిడ్డా."

"అడుగుదాం పా."

నా బిడ్డ వెళ్లి అతని సైగనే చేసి చూపించింది. ఆమె సిగ్గుపడి, ఫోన్లో టైపు చేసి చూపింది: 'కోతి'.

అలా మా చదువు మొదలైంది. అన్నం, నీళ్లు, అలసట, రేపు. నాకు నెల పట్టినవి నా బిడ్డ రెండు ఆదివారాల్లో నేర్చుకుంది. కొత్త బడిలో తనతో ఎవరూ మాట్లాడరని ఆ పిల్ల నాకు మొదటిసారి చెప్పింది చేతులతోనే. చెబుతున్నంతసేపూ నేను చూపు తిప్పలేదు.

వాళ్లు మనిషిని కొన్నాళ్లు చూసి, సైగతోనే ఒక పేరు పెడతారట. నా బిడ్డకు బుగ్గ మీద వేలు గుచ్చారు, సొట్ట ఉంది కనుక. తర్వాత ఆమె నన్ను తేరిపార చూసి, నుదుటి మీద అడ్డంగా వేలు గీసింది. ఫ్యాక్టరీలో రోజూ పెట్టుకునే హెల్మెట్ నొక్కిన గీత అక్కడుంది. నాకే తెలియదు. నలభై ఆరేళ్ల వయసులో, ఎండ పడుతున్న ఆ వాకిట్లో, నా పేరును తడిమి చూసుకున్నాను.